గోర్జి మీద గోడ

అమ్మ ఫోన్లో మాట్లాడే పద్ధతికి ఒక వరస ఉంది. ముందు వాన, తర్వాత కరెంటు, ఆ తర్వాత ఊళ్లో ఎవరి పెళ్లి ఎక్కడ కుదిరిందో... చిట్టచివర్న తన మోకాళ్లు. ఆ రోజు మాత్రం నేను ‘హలో’ అనగానే, ‘‘ఈ ఆదివారం రాగలవా? గోర్జి గొడవ పెద్దల్లోకి వెళ్లింది. నాన్న మాట్లాడ్డం మానేశారు’’ అంది.

నాన్న మాట్లాడకపోవడం మా ఇంట్లో వార్తేం కాదు. ముప్ఫయ్యేళ్లు బళ్లో పిల్లల మీద గొంతు చించుకున్న మనిషి, రిటైరయ్యాక ఆ బాకీ అంతా మౌనంతో తీర్చుకుంటున్నారు. కానీ గోర్జి గొడవ మాత్రం వార్తే.

గోర్జి అంటే తెలియనివాళ్లకు ఒక మాట. ఉత్తరాంధ్రలో పొలాల నడుమ, రెండు గట్ల మధ్య పశువులూ మనుషులూ నడిచే సన్నటి దారిని అలా అంటారు. గోదావరి జిల్లాల వాళ్ల పుంతకి చెల్లెలి వరస అనుకోండి. మాది గజపతినగరం. విజయనగరం నుంచి సాలూరు వెళ్లే హైవే మీద పాతిక కిలోమీటర్ల దూరం. మా వీధిలో ముప్ఫైకి పైగా ఇళ్లు. ఒక కొస రామకోవెల దగ్గర బజారు రోడ్డులో కలుస్తుంది. రెండో కొస మా ఇంటి దగ్గర ఆగిపోతుంది. ఆగిపోయేది వీధే, నడక కాదు. అక్కణ్నుంచి మా తాతయ్య మామిడితోట గట్టు వెంబడి గోర్జి మొదలవుతుంది. తోట దాటి, నాలుగు మళ్లు దాటి, గెడ్డ మీద మదుం దాటితే అవతల బడి. బడి పక్కనే పాలు పోసే కేంద్రం. ఇంకాస్త దిగువకు వెళ్తే శ్మశానం. అంటే పలకా బలపంతో మొదలుపెట్టి పాడె దాకా మా వీధి మనుషుల బతుకంతా ఆ రెండు గజాల దారి మీదే నడిచిందన్నమాట.

గోర్జి లేకపోతే? బజారు రోడ్డెక్కి, హైవే మీదకొచ్చి, చుట్టూ తిరగాలి. ఒకప్పుడు 43, ఇప్పుడు 26 అని నంబరు మార్చుకున్న హైవే అది. ఒడిశా మీదుగా రాయపూర్ దాకా పోయే లారీలన్నీ మా ఊరి నడుమ నుంచే. పిల్లల్ని దాని పక్కన నడిపించడానికి ఏ తల్లికీ మనసొప్పదు.

తాతయ్య తోట మూడున్నర ఎకరాలు. చెట్లు ముసలివైపోయాయి. చూసుకునేవాళ్లు లేరు. నేను విశాఖపట్నంలో పత్రిక ఉద్యోగం, తమ్ముడు బెంగళూరు. మా చిన్నాన్నకు ఇద్దరు ఆడపిల్లలు, పెద్దదానికి సంబంధాలు చూస్తున్నారు. దాంతో నాన్నా చిన్నాన్నా తోటని వెంచర్‌కి ఇచ్చారు. అమ్మలేదు. డెవలప్‌మెంట్ అగ్రిమెంటు. రోడ్లు, కాలవలు, కరెంటు స్తంభాలు అతను వేస్తాడు. వచ్చిన బిట్లలో సగం అతనివి, సగం మావి. పేపర్లో పని చేస్తూ ఇలాంటి వెంచర్ల రంగుల ప్రకటనలు ఎన్ని చూశానో లెక్కలేదు. మనదాకా వస్తే ఎలా ఉంటుందో అప్పటిదాకా తెలీదు.

ఇక్కడ నా సంగతి దాచుకుంటే మోసం చేసినట్టవుతుంది. మా వాటాలో పదిహేడో నంబరు బిట్, తూర్పు ముఖం, ఈశాన్యం మూల. ‘‘ఇది నీకు’’ అన్నారు నాన్న, ప్లాను మొదటిసారి ఇంటికొచ్చిన రోజు. పెళ్లప్పుడు నాకేమీ పెట్టలేకపోయామన్న బాధ ఆయన మనసులో ఉంది. ఆ రాత్రి నేను బస్సులో విశాఖపట్నం వెళ్తూ, దారి పొడుగునా ఆ రెండు వందల గజాల్లో ఇల్లు కట్టేశాను. వంటింట్లోంచి తోటలో మిగిలిన నీలం మామిడి చెట్టు కనబడేలా కిటికీ కూడా పెట్టాను.

ఆ పదిహేడో నంబరు సరిగ్గా గోర్జి మొదట్లో ఉంది.

* * *

శనివారం రాత్రి ఇంటికెళ్లేసరికి ప్లాను మంచం మీద పరిచి ఉంది. నాన్న దాని పక్కన కూర్చుని వక్క కత్తిరిస్తున్నారు. చూడముచ్చటగా ఉంది ప్లాను. గీతలన్నీ నిటారుగా, వీధులన్నీ ఒకదానికొకటి సమానంగా. నలభై నాలుగు బిట్లు. హైవే వైపు ఆర్చీ. గెడ్డ పక్కన ఆకుపచ్చ రంగులో పార్కు. మిగతా మూడు పక్కలా నల్లటి మందపాటి గీత... ప్రహరీ గోడ.

మా వీధి ఎక్కడా? వెతికాను. గోడకి ఇవతల తెల్ల కాగితం ఉంది. అంతే. ముప్ఫై ఇళ్ల వీధికి ఆ కాగితం మీద ఒక్క చుక్క కూడా లేదు.

విశాఖపట్నంలో మేముండేది ఎంవీపీ కాలనీలో. మువ్వలవానిపాలెం అన్న ఊరి పేరే పొడి అక్షరాలై కాలనీ అయింది. వుడా వాళ్లు సెక్టార్లుగా వేసిన ఊరు. ఆటోవాడికి సెక్టారు నంబరు చెబితే చాలు, దింపేస్తాడు. అక్కడ రోడ్డు వెడల్పు చూసి మురిసిపోయేదాన్ని. అలాగే 2020 డిసెంబరు 30న విజయనగరం దగ్గర గుంకలాంలో 397 ఎకరాల్లో 12,301 ఇళ్ల స్థలాలు పంచినప్పుడు, ఆ లేఅవుట్ ఫొటోలు పైనుంచి తీసినవి చూసి ఔరా అనుకున్నాను. కొండ కింద గళ్ల నోటుపుస్తకం తెరిచి పెట్టినట్టుంది. అలా ఒక్కసారిగా ఊరినే గీసినప్పుడు అప్పటిదాకా ఆ నేల మీద ఎవరు ఎటు నడిచేవారు అన్న ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. మా గోర్జి మీద గీత పడ్డాక వచ్చింది.

‘‘గోర్జి నక్షాలో లేదా నాన్నా?’’ అని అడిగాను.

మా ప్రాంతంలో కొన్ని గోర్జిలు రెవెన్యూ లెక్కల్లో పోరంబోకుగా ఉంటాయి. అలాంటిదైతే ఎవరూ ముట్టుకోలేరు. నాన్న తల అడ్డంగా ఊపారు. మొత్తం మన జిరాయితీలోనే ఉంది.

నాన్న స్నేహితుడు ఒకాయన ప్లీడరు. ఆ రాత్రి భోజనానికొచ్చి, వంకాయ కూర మెచ్చుకుంటూనే మాకో విషయం చెప్పారు. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం వేరేవాళ్ల నేల మీంచి ఇరవయ్యేళ్లు అడ్డం లేకుండా, హక్కుగా నడిస్తే ఆ దారి మీద నడిచే హక్కు వస్తుందట. ‘‘మరింకేం? వీళ్లు డెబ్భై ఏళ్లుగా నడుస్తున్నారు కదా’’ అన్నాను.

‘‘హక్కుగా నడిచారా, మీ తాతగారు సరేనంటే నడిచారా?’’ అన్నాడాయన.

అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎందుకంటే ఆ కథ ఊరంతటికీ తెలుసు. పూర్వం ఓ వానాకాలం బజారు రోడ్డు నీళ్లలో ఉండి ఒక శవాన్ని తీసుకెళ్లడానికి దారి లేకపోతే తాతయ్యే తోట కంచె కొట్టించి, ‘‘ఇలా పొండి, ఇక మీదట ఇటే పొండి’’ అన్నాడట. ఆ మాట మా నాయనమ్మ ఎంత గొప్పగా చెప్పుకునేదో! అనుమతి మీద నడిచిన నడక ఎన్నేళ్లయినా హక్కు కాదట. తాతయ్య కసిరి తరిమేసి ఉంటే, వాళ్లు లెక్కచేయకుండా నడిచి ఉంటే ఈపాటికి చట్టం వాళ్ల పక్షాన ఉండేది. మంచితనంతో ఆయన దారి ఇచ్చాడు కనక వాళ్ల చేతిలో ఏమీ లేకుండా పోయింది.

నాన్న వక్కపలుకు నోట్లో వేసుకుని బయటికెళ్లిపోయారు.

* * *

ఆదివారం పొద్దున రామకోవెల మండపంలో చేరారు అందరూ. వెంచర్ యజమాని వచ్చాడు. మర్యాదస్తుడు, ముందు దేవుడికి దండం పెట్టుకుని, తర్వాత మనుషులకి పెట్టాడు. ప్లాను గీసిన కుర్రాడు ల్యాప్‌టాప్ సంచీతో విజయనగరం నుంచి బండి మీద వచ్చాడు. చిన్నాన్న తెల్లచొక్కాలో ముందు వరసలో. నాన్న స్తంభానికి ఆనుకుని వెనకెక్కడో.

ఇలాంటి మీటింగుల గురించి నేను రాసిన వార్తల్లో ‘స్థానికులు వ్యతిరేకించారు’ అని ఒక్క ముక్కలో తేల్చేసేదాన్ని. కూర్చుని వింటే తెలిసింది, స్థానికులు అనేవాళ్లు ఒక్క మాట మీద ఉండరని. వీధిలో సగంమంది గోర్జి ఉంచాలన్నారు. ఉంచడమే కాదు, అదే రోడ్డు చేసి వెంచర్ వీధిలో కలపాలన్నారు. అలా చేస్తే అంబులెన్సు మా కొస దాకా వస్తుంది. గ్యాసు బండొస్తుంది. మిగతా సగం వద్దే వద్దన్నారు. ‘‘రోడ్డు కలిపితే వెంచర్లో ఇళ్లు కట్టే ఇటుకల లారీలన్నీ మన వీధిలోంచే వెళ్తాయి. ఇవాళ లారీ, రేపు వీధి వెడల్పు చేయాలంటారు. మా అరుగులు పోతాయి’’ అన్నాడు బట్టలకొట్టు మావయ్య. అరుగులంటే మా వీధిలో ఆస్తి కింద లెక్క. సాయంత్రం ఆరింటి తర్వాత అక్కడే లోకమంతా నడుస్తుంది. ఆయన చెప్పిందీ నిజమే.

వెంచర్ యజమాని ఓపిగ్గా విన్నాడు. ‘‘మా కస్టమర్లు వైజాగులో ఉద్యోగాలు చేసి రిటైరయ్యేవాళ్లు. ప్రశాంతత కోసం కొంటారు. చుట్టూ గోడ, ఒకటే గేటు ఉంటేనే బిట్టు పోతుంది. గుమ్మం ముందునుంచి పాడె వెళ్తుందంటే అడ్వాన్సు వెనక్కి అడుగుతారు. మీరే చెప్పండి’’ అన్నాడు.

ఎవరో అమ్మవారి మాట ఎత్తారు. మా ఊరి అమ్మవారి పండక్కి ఘటాలు గోర్జి దారినే గెడ్డకు వెళ్తాయి. యజమాని వెంటనే చెంపలేసుకుని, ‘‘అమ్మవారికి అడ్డేముంది! పండగనాడు గేటు తీయిస్తాను, నేనే కొబ్బరికాయ కొడతాను’’ అన్నాడు.

అప్పటిదాకా మెట్టు మీద కూర్చున్న పాల పెద్దమ్మ లేచింది. డెబ్భై దాటాయి ఆవిడకు. నా చిన్నప్పటి నుంచీ మాకు పాలు పోస్తోంది, రెండు గేదెలు, రెండు పూటలా కేంద్రానికి నడక. ‘‘బాబూ, అమ్మోరు ఏడాదికి ఒకపాలి ఎల్తాది. నాను రోజుకి నాలుగుపాలు ఎల్తాను. నాకు గేటు ఎవులు తీస్తారు?’’ అంది.

మండపం అంతా నవ్వింది. యజమాని కూడా నవ్వాడు. సమాధానం మాత్రం చెప్పలేదు.

విజయనగరంలో సిరిమాను చూసినవాళ్లకి ఈ దారుల పట్టుదల అర్థమవుతుంది. విజయదశమి దాటిన మంగళవారం నాడు, పైడితల్లి అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా అంత పొడుగు మాను మూడుసార్లు తిరుగుతుంది. కోట 1713 నాటిది. ఊరు ఎంత పెరిగినా, ఎన్ని దుకాణాలు లేచినా, మాను తిరిగే చోటు వదిలిపెట్టాల్సిందే. ప్లాను కన్నా ముందు నడక ఉన్న దారులవి. పాల పెద్దమ్మ నడకకు అంత మంది జనం రారు, అదే తేడా.

నేనూ ఊరుకోలేదు. చదువుకున్న ఆడపడుచుని కదా! లేచి పాట్రిక్ గెడ్డెస్ గురించి చెప్పాను. స్కాట్లాండు నుంచి 1914లో మన దేశం వచ్చిన ప్రణాళికావేత్త, మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాలు కాళ్లరిగేలా తిరిగి నివేదికలు రాసిన మనిషి. పాత పేటల్ని నిలువునా చీల్చి తిన్నటి రోడ్లు వేయాలన్న ఇంజినీర్లతో ఆయన పోట్లాడాడు. ఎక్కడ అవసరమో అక్కడే చిన్న కోత కొయ్యాలి, మిగతా ఒంటిని కాపాడాలి అన్నాడు, వైద్యుడిలా. (మా గెడ్డకీ ఆయన పేరుకీ ఏ చుట్టరికమూ లేదు, మండపంలో ఒకాయన అడిగాడు.) ఇండోరులో పండగ ఊరేగింపు దారిని మార్పించి, ఏ వీధుల వాళ్లు తమ వీధుల్ని శుభ్రంగా ఉంచుకుంటారో ఊరేగింపు అటే వస్తుందని చాటించాడనీ, ఊరంతా చీపుళ్లు పట్టిందనీ చెప్పుకుంటారు. నా ప్రసంగం బాగానే సాగింది.

చిన్నాన్న ముందు వరసలోంచి వెనక్కి తిరిగి చూశాడు. ‘‘బాగుందమ్మా. మరి పదిహేడో నంబరు వదులుకుంటావా?’’ అన్నాడు.

అందరూ నావైపు చూశారు. గోర్జి రోడ్డయితే పోయేది ఆ బిట్టే అన్న సంగతి నాకు తెలీదని కాదు. ఎవరూ అడగరనుకున్నాను. కూర్చున్నాను.

* * *

అప్పుడు లేచాడు ప్లాను కుర్రాడు. అప్పటిదాకా అతన్ని వెంచర్ మనిషిగానే చూశాం. ‘‘సార్, రెండు మాటలు చెప్పాలి’’ అన్నాడు యజమాని వైపు చూసి, కాస్త భయంగానే.

మొదటిది గోడ గురించి. అనుమతి ఉన్న లేఅవుట్‌లో రోడ్లూ, పార్కు స్థలమూ గిఫ్ట్ డీడ్‌తో పంచాయతీకి రాసిచ్చేయాలి. రాసిచ్చాక ఆ రోడ్లు ఊరివి. గేటెడ్ కాలనీ అని వేరుగా అనుమతి తీసుకుంటే తప్ప ఊరి రోడ్డుకి తాళం వేయడానికి ఎవరికీ హక్కు లేదు. ‘‘ఆర్చీ కట్టుకోవచ్చు సార్. గేటు మాత్రం చూపించలేం’’ అన్నాడు. యజమాని మొహం మాడింది. మా వీధివాళ్లలో చాలామందికి ఈ సంగతి అదే వినడం. నాకూ అంతే.

రెండోది, రోడ్డు ఎలా కలపాలన్నది. ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. గోర్జిని తిన్నగా పొడిగించి వెంచర్ వీధికి అడ్డంగా కోస్తే నాలుగు రోడ్ల కూడలి వస్తుంది. ట్రాఫిక్ లెక్కల్లో నాలుగు రోడ్లు కలిసే చోట బళ్లు ఒకదానికొకటి ఎదురుపడి తగిలే బిందువులు 32 ఉంటాయట. అదే మూడు రోడ్లు కలిస్తే 9. అందుకని ‘టీ’ ఆకారంలో ఆపుదాం అన్నాడు.

‘టీ’ అనగానే మండపంలో కలకలం. ‘‘వీధిపోటు!’’

రోడ్డు తిన్నగా వచ్చి గుమ్మానికి తగిలే స్థలాన్ని మనవాళ్లు కొనరు. కొన్నవాళ్లు గోడకో వినాయకుడి బొమ్మ పెట్టుకుని భయం భయంగా ఉంటారు. వాస్తు నిజమా కాదా అన్నది వేరే సంగతి, బిట్ ధర పడిపోవడం మాత్రం నిజం. ప్రమాదాలు తగ్గించడానికి ఇంజినీరు ‘టీ’ గీస్తాడు, దానివల్లే వీధిపోటు పుడుతుంది. ఈ చిక్కు మా ఊరిదొక్కటే కాదు. రాష్ట్రంలో ఏ కాలనీ ప్లాను ముందేసుకున్నా ఎక్కడో ఒకచోట ఇది ఉంటుంది.

‘‘దానికి ఒక ఉపాయముంది. పార్కు తెచ్చి టీకి ఎదురుగా పెడదాం. రోడ్డు వచ్చి పార్కుకు తగుల్తుంది. ఎవరింటికీ పోటు లేదు’’ అన్నాడు కుర్రాడు.

లేఅవుట్ నేలలో పదో వంతు ఖాళీ స్థలం వదలాలన్నది రూలు. దాదాపు ప్రతి వెంచర్లో అది పనికిరాని మూలకు పోతుంది. పల్లంలోనో, కరెంటు తీగల కిందో, ముక్కోణంగా మిగిలిపోయిన చోటో. మా ప్లానులోనూ గెడ్డ పక్క పల్లంలోనే పెట్టారు. వానాకాలం అక్కడ కప్పలు తప్ప ఎవరూ ఆడుకోరు. దాన్ని పైకి తెస్తే పిల్లలకి పార్కు దొరుకుతుంది, గోర్జికి దారి దొరుకుతుంది. కాకపోతే అమ్ముకునే మంచి బిట్లు పల్లంలోకి దిగుతాయి.

ఇక అరుగుల సంగతి. బట్టలకొట్టు మావయ్య వదల్లేదు. దానికి కుర్రాడు అమెరికా కబురొకటి చెప్పాడు. న్యూజెర్సీలో రాడ్‌బర్న్ అని 1929లో కట్టిన ఊరుందట. కార్లు అప్పుడప్పుడే పెరుగుతున్న రోజులు. ఆ ఊళ్లో కార్ల వీధులన్నీ ఇళ్ల దగ్గర ఆగిపోతాయి, అవతలికి పోవు. ఇళ్ల వెనకనుంచి మాత్రం పార్కుల గుండా కాలిబాటలు బడి దాకా ఉంటాయి. పిల్లలు కార్ల రోడ్డు దాటకుండా బడికి వెళ్లాలని అలా గీశారు. తర్వాత ప్రపంచమంతా దాన్ని చూసి ఆగిపోయే వీధుల్ని నేర్చుకుంది, కాలిబాటల్ని చాలాచోట్ల వదిలేసింది. ‘‘మనం రెండూ చేద్దాం. దారి ముప్ఫై అడుగులు వదులుదాం. మీ వీధి మొదట్లో ఇనప స్తంభాలు పాతుదాం. మనుషులు, సైకిళ్లు, పాల క్యాన్లు, ఘటాలు వెళ్తాయి. లారీ పట్టదు’’ అన్నాడు.

‘‘పాడె?’’ అని ఎవరో అడిగారు.

‘‘పాడె పడుతుందండీ’’ అన్నాడు మెల్లగా. యజమాని నేల చూపులు చూశాడు.

అమరావతిలో 2015లో భూసమీకరణకి నిబంధనలు రాసినప్పుడు, ముసాయిదా ప్లాను ఊళ్లో పెట్టి జనం అభ్యంతరాలు తీసుకోవాలని అందులోనే పెట్టారు. 2016లో నేలపాడులో మొదటి ప్లాట్లు లాటరీ తీసేముందు అక్కడి రైతులు ప్లాను మీద వేలు పెట్టి వాదించుకున్నారు. రాజధాని అయ్యేసరికి అడిగారు. మాలాంటి ఊళ్లో మూడున్నర ఎకరాల వెంచర్‌కి పక్క వీధి వాళ్లని ఎవరూ అడగరు. మా వీధివాళ్లే రామకోవెలలో చేరబట్టి ఈ మాత్రమైనా తేలింది.

* * *

తేలాల్సింది ఇంకా ఇంట్లో ఉంది. మధ్యాహ్నం అన్నాల దగ్గర చిన్నాన్న బరస్ట్ అయ్యాడు. ‘‘ఊరికి ధర్మం చేద్దాం సరే, నా కూతురి పెళ్లి ఎవరు చేస్తారు? ముందు వరస బిట్లు మూడు పోతున్నాయి. వాటి మీద అడ్వాన్సు తీసుకుందామనుకున్నాను’’. అతన్ని తప్పు పట్టడానికేం లేదు. పత్రికల్లో రాసేటప్పుడు ఇలాంటివాళ్లని ‘రియల్ లాబీ’ అనేస్తాం. మా చిన్నాన్నకు మోటారు రిపేరు షాపు, ఇద్దరు ఆడపిల్లలు.

నాన్న అప్పుడు మాట్లాడారు. ఆ రోజంతటికీ మొదటిసారి.

‘‘పోయే బిట్లు నా వాటాలోంచి పోనీ. నీవి ముందు వరసలోవి నీకే ఉంచుకో.’’

చిన్నాన్న ముద్ద చేతిలో పట్టుకుని ఉండిపోయాడు. పిన్ని కళ్లు తుడుచుకుంది. అమ్మ మాత్రం నన్నే చూస్తోంది. పదిహేడో నంబరు నాన్న వాటాలోదే కదా.

ఆ నిమిషం నాకు నాన్న మీద గౌరవం పొంగుకొచ్చిందని రాయాలని ఉంది. రాలేదు. కోపమొచ్చింది. నన్ను ఒక్క మాట అడగలేదు. పొద్దున మండపంలో గెడ్డెస్ గురించి అంత చెప్పినదాన్ని, మధ్యాహ్నానికి పెరట్లో నిలబడి ఆ నీలం మామిడి చెట్టు చూస్తూ లెక్కలు వేసుకున్నాను. పార్కు పైకొస్తే ఖాళీ అయ్యే పల్లంలో నాకో బిట్ వస్తుంది. మట్టి తోలించాలి. ఎన్ని ట్రాక్టర్లో?

సాయంత్రం పాల పెద్దమ్మ పాలు పోయడానికొచ్చింది. ఎవరో చెప్పినట్టున్నారు. పావు లీటరు ఎక్కువే పోసింది. అమ్మ డబ్బులు ఇవ్వబోతే, ‘‘ఉండనీ తల్లీ’’ అని క్యాను పట్టుకుని గోర్జిలోకి దిగింది. మబ్బు వేసింది. తోట మలుపులో పాత చింతమొద్దు దగ్గర గోర్జి కాస్త వంపు తిరుగుతుంది, తాతయ్య ఆ చెట్టు కొట్టనివ్వలేదు గనక. చెట్టు పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ మాత్రం ఆ వంపు తిరిగే వెళ్లింది.

సవరించిన ప్లాను రెండు వారాలకి వచ్చింది. నలభై నాలుగు బిట్లు నలభై రెండయ్యాయి. పార్కు గోర్జికి ఎదురుగా ఆకుపచ్చగా ఉంది. ఈసారి గోడకి ఇవతల మా వీధిని కూడా గీశాడు ఆ కుర్రాడు. ముప్ఫై ఇళ్లూ కాదు గానీ, రెండు గీతలు గీసి మధ్యలో ‘ప్రస్తుతమున్న వీధి’ అని రాశాడు. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని ఆ అక్షరాల్ని చాలాసేపు చూశారట, అమ్మ చెప్పింది. నా బిట్ ఇప్పుడు ముప్ఫై తొమ్మిదో నంబరు. గెడ్డ పక్కన, పడమర ముఖం. మా ఆయన, ‘‘సాయంత్రం ఎండ బాగుంటుంది’’ అన్నాడు. ఎగతాళో ఓదార్పో ఇంతవరకూ అర్థం కాలేదు.

గొడవ అయిపోయిందనుకోకండి. ఇనప స్తంభాలు పాతారు, మూడు. మధ్యది తాళంతో ఊడొచ్చేలా పెట్టమన్నారు, రాత్రివేళ అంబులెన్సు రావాల్సొస్తే పనికొస్తుందని. ఇప్పుడు ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది చర్చ. రామకోవెల పూజారి రాత్రుళ్లు ఊళ్లో ఉండడు. పంచాయతీ ఆఫీసుకి సాయంత్రమే తాళం పడుతుంది. వెంచర్ యజమాని వాచ్‌మన్‌కి ఇద్దామంటున్నాడు, బట్టలకొట్టు మావయ్య ఒప్పుకోవడం లేదు. మా ఇల్లే దగ్గరగా ఉంది గనక నాన్న దగ్గర ఉంచమని కొందరు. ‘‘మాస్టారికి చెవులు సరిగ్గా వినబడవు, రాత్రి తలుపు కొడితే లేవరు’’ అని ఇంకొందరు. పాల పెద్దమ్మ తెల్లారి మూడున్నరకే లేస్తుంది కాబట్టి ఆవిడకి ఇస్తే సరి అని అమ్మ అంటోంది.

వచ్చే ఆదివారం మళ్లీ రామకోవెలలో కూర్చుంటున్నారు. నన్నూ రమ్మన్నారు. ప్రసంగం చేయనని మాటిస్తేనేనట.